ఉప్పుగాలిలో డప్పు

బిట్రగుంట రైలుకట్టకు తూర్పుగా మాగాణి పొలాలను, రొయ్యల గుంటలను, పూడిక పడిన బకింగ్‌హాం కాలువను దాటిపోతే జువ్వలదిన్నె వస్తుంది. దిన్నె అన్న మాటలోనే ఊరి స్వరూపం ఉన్నది. ఇసుక మెరక, దాని కవతల సముద్రం. నెల్లూరు సీమలో ఇటువంటి తీరపు పల్లెలను పట్టపుపాళెములంటారు. అక్కడివారి వృత్తి వేట, వారు కొలిచే తల్లి గంగమ్మ.

ఈ పాళెములలో గంగమ్మకో పోలేరమ్మకో కొలుపు జరిగే సాయంకాలం, డప్పు మ్రోగడానికి ముందు ఒక మంట వెలుగుతుంది. గుడికి కొంచెం ఎడంగా, గాలి తగలని మరుగు చూచుకొని, వాయిద్యగాండ్రు నాలుగు కట్టల వరిగడ్డి వేసి అంటిస్తారు. గడ్డిమంట ఒక్కమారుగా ఎగసి, అంతలోనే అణగిపోతుంది. అది ఎగసిన ఆ కాసేపటిలోనే డప్పును మంట కెదురుగా పట్టి, చక్రంవలె త్రిప్పుతూ, నడుమ నడుమ వ్రేలితో తట్టి చూస్తారు. మొదట తడిసిన గోనెపట్టా మీద కొట్టినట్లు బొద్దుగా పలికినది, క్రమంగా బిగిసి, కంచుపళ్ళెంవలె ఖంగుమంటుంది. అప్పుడు దానిని భుజానికి తగిలించుకొని మేళంలో నిలబడతారు. కొంతసేపు గడిచేసరికి గొంతు మళ్ళీ మందగిస్తుంది. మళ్ళీ మంట, మళ్ళీ కాపడం. మెట్ట ఊళ్ళలో ఎండాకాలాన ఒకసారి కాచిన డప్పు ఊరేగింపు చాలా దూరం సాగేవరకు మాట తప్పదు. సముద్రపు ఒడ్డున ఆ భరోసా లేదు. కొత్తవారికి ఈ కాపడమంతా కాలయాపనగా తోచవచ్చును. కాని డప్పు అనే వస్తువు ఎట్లా తయారయినదో, ఎందుకు అట్లా తయారు కావలసి వచ్చినదో తెలియాలంటే ఆ గడ్డిమంట దగ్గరనే కొంచెంసేపు నిలబడవలె.

పైకి చూస్తే డప్పు నిర్మాణం చాలా స్వల్పం. ఒక కొయ్య చక్రం, దాని ఒక ముఖాన బిగించిన తోలు, రెండు పుల్లలు. వెనుక ముఖం ఖాళీ. నెల్లూరు, చిత్తూరు ప్రాంతాలలో దీనినే పలక అని కూడా అంటారు. తప్పెట అనే పేరున్నూ కలదు. భరతుని నాట్యశాస్త్రం వాద్యములను తతం, అవనద్ధం, ఘనం, సుషిరం అని నాలుగు తెగలు చేసి, తోలు కప్పినవాటి నన్నిటిని అవనద్ధాలలో చేర్చినది. 1914లో హార్న్‌బోస్టెల్, జాక్స్ అనే ఇద్దరు పండితులు జర్మను భాషలో ప్రకటించిన వర్గీకరణకూడ ఇంచుమించు ఆ నాలుగు తెగలతోనే మొదలవుతుంది. అందులో వారు చట్రపు వాద్యానికి ఒక కొలత పెట్టినారు. చట్రం లోతు తోలుముఖపు వ్యాసార్ధాన్ని మించరాదు. మించితే అది వేరు జాతి. ఈ కొలతకు మన డోలు, మృదంగం, జాతరలలో డప్పుకు తోడు పలికే పంబ నిలువవు. డప్పు, కంజీర నిలుస్తవి. ఐర్లండు పల్లెల బౌరాన్, ఇరాను దేశపు దఫ్, బ్రెజిలు వీధుల పాండేరో, సైబీరియా మంచుసీమలలో దయ్యాలను పిలిచే పూజారి చేతి వాద్యం, అన్నీ ఈ కుటుంబంలోనివే. దఫ్ అన్న పేరు, డప్పు అన్న పేరు వినడానికి అన్నదమ్ములవలె ఉన్నవి గదా అని కొందరు వెంటనే చుట్టరికం కలుపుతారు. చెట్టు, పశువు ఉన్న ప్రతిచోటా మనుష్యుడు ఈ వాద్యాన్ని చేసుకోగలడు. తోలుమీద దెబ్బ పడితే వచ్చే చప్పుడే దానికి పేరయి ఉండగలదు. పేర్ల పోలిక పట్టుకొని వంశవృక్షం గీయడం తొందరపాటు.

స్వల్పమని పైన అన్నమాట తయారు చేసేవాడు ఒప్పుకొనడు. చక్రం సంగతే చూడండి. డప్పు ముఖం సుమారు 35 నుండి 45 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. అంత చక్రాన్ని ఒకే పలకనుండి కోస్తే రెండు వైపుల కొయ్య నార అడ్డంగా తెగి, అక్కడే పగులుతుంది. అందుచేత వేప, చింత, పనస వంటి గట్టి కొయ్యను కమాను తునకలుగా చెక్కి, ఆ తునకలను ఒకదానితో ఒకటి అతికి, అతుకులమీద ఇనుప రేకులు కొట్టి చక్రం చేసే పద్ధతి దక్షిణ దేశంలో ఉన్నది. బిగిసిన తోలు ఆ చక్రాన్ని అన్ని వైపులనుండి లోపలికి లాగుతూ ఉంటుంది. నాలుగువైపుల లాగుడు సమంగా ఉన్నంతకాలం చక్రం చక్రంగా ఉంటుంది. ఏ ఒక్క అతుకు లొంగినా అది కోలగా మారి, తోలులో ముడుత పడుతుంది. ముడుత పడిన డప్పును ఎంత కాచినా ప్రయోజనం లేదు. తోలు ఆనే అంచునుకూడ జాగ్రత్తగా చెక్కవలె. అంచు మరీ పదునయితే తోలును కోస్తుంది. మరీ వెడల్పయితే తోలు దానిమీద పొర్లి జరజరమంటుంది.

ఇక తోలు. ఈ రోజులలో మేకతోలు వాడుక ఎక్కువ, దూడతోలుకూడ వాడుతారు. పశువు వెన్నుమీది తోలు మందం, పొట్టమీదిది పలుచన. వెన్నుగీతను సరిగా నడిమికి వచ్చేటట్లు పరచుకొంటే రెండు వైపుల మందం తులతూగుతుంది. ప్రక్కకు జరిగితే డప్పుకు ఒక చెంప పలుకుతుంది, ఒక చెంప మూలుగుతుంది. పచ్చితోలును సున్నపు నీళ్ళలో నానబెడితే వెంట్రుకల కుదుళ్ళు సడలుతవి. అప్పుడు మొద్దుకత్తితో వెంట్రుకలను, తిరుగవేసి లోపలి కండపొరను గీకివేస్తారు. కడిగి, లాగికట్టి, ఆరబెడతారు. చట్రానికి ఎక్కించేటప్పుడు మళ్ళీ నానబెట్టి, మెత్తపడిన తరువాత లాగి బిగిస్తారు. ఆరుతున్నకొద్దీ అది తనంతట తానే బిగుసుకొంటుంది. మనిషి చేతి బలం కొంతవరకే. మిగిలిన పని ఎండ చేస్తుంది.

ఈ తోలు ఊనని తోలు. సాధారణంగా తోలుపని అనగానే చెప్పులు, కపిల తొండాలు, గుర్రపు జీనులు తలపునకు వస్తవి. వాటికి పచ్చితోలు పనికిరాదు. కుళ్ళుతుంది, తడిస్తే మెత్తబడుతుంది, ఆరితే రేకువలె బిరుసెక్కుతుంది. అందుచేత తంగేడు చెక్క వంటి వగరు బెరళ్ళ కషాయంలో ఊరవేసి దానిని అదుపులో పెడతారు. బెరడులోని వగరు తోలునారల నడుమ చేరి, నీటికి, వేడికి, కుళ్ళుకు లొంగని స్థితిని కలిగిస్తుంది. అటువంటి తోలు చెప్పుకు మంచిది, డప్పుకు చెడ్డది. మెత్తదనం వచ్చిన తోలులో నాదం ఉండదు. డప్పుకు కావలసినది ఆ బిరుసే. ఆరితే రేకువలె కావడమే దాని సుగుణం. అయితే ఆ సుగుణంతోపాటు పచ్చితోలుకున్న దోషాలన్నీ దానితో వస్తవి. గాలిలోని చెమ్మను అది త్రాగుతుంది, త్రాగి సడలుతుంది. సముద్రతీరాన ఈ బాధ రెట్టింపు. తోలుమీద చేరిన ఉప్పు తనంతట తానే గాలిలోని తేమను పిలుచుకొంటుంది.

ఇక్కడ పట్టపువారికి, తోలుపనివారికి ఒక పాత విద్యలో పొత్తున్నది. నైలాను రాక పూర్వం నూలు వలలను ఉప్పునీటిలో చీకిపోకుండా ఉంచడానికి చెట్ల బెరళ్ళ కషాయంలోనే నానబెట్టేవారు. తోలును కాపాడే వగరే నూలునూ కాపాడినది. ఇరుగుపొరుగుల ఇద్దరికీ బెరడు గుణం తెలుసు. వేటవాడు తన వలకు దానిని పట్టించినాడు. డప్పు చేసేవాడు తన తోలును దానికి దూరంగా ఉంచినాడు.

తోలును చట్రానికి పట్టించడానికి కొన్ని చోట్ల తోలువారులు దూర్చి వెనుకవైపుకు లాగి కడతారు. కొన్ని చోట్ల చింతగింజల జిగురుతో అతికిస్తారు. చింతగింజలను వేయించి, పైపొట్టు తీసి, నానవేసి, మెత్తగా నూరి, నీళ్ళతో ఉడికిస్తే చిక్కని పిండిజిగురు అవుతుంది. తడితోలు ఆరి ముడుచుకొనేటప్పుడు అది చట్రంనుండి ఊడిపోవాలని చూస్తుంది. ఈ జిగురు దానితోపాటే ఆరి, దానితోపాటే గట్టిపడి, పట్టు వదలదు. మగ్గంపై నూలుకు గంజిగాకూడ చింతగింజల పిండిని వాడడం కలదు. ఊరిలో వ్యర్థమని పారవేసేవాటితో ఇంతపని సాగించిన వాద్యం మరొకటి చెప్పడం కష్టం. చచ్చిన పశువు తోలు, పనికిమాలిన గింజ, వడ్రంగి విడిచిన కొయ్య, కళ్ళంలో మిగిలిన గడ్డి.

కాపడంలో ప్రమాదం లేకపోలేదు. తోలు అనేది సన్నని నారల అల్లిక. మంట వేడికి అందులోని తేమ ఎగిరిపోయి నారలు దగ్గరికి వస్తవి. బిగువు పెరుగుతుంది, గొంతు హెచ్చుతుంది. అయితే తడి మీద ఉన్న పచ్చితోలు 60 డిగ్రీలకు పైబడిన వేడి తగిలితే మాంసపు ముక్కవలె ముడుచుకొనిపోతుంది, మరి కోలుకోదు. చెమ్మ పట్టిన డప్పును ఆత్రంగా మంటలోనికి తోసినవాడు దానిని పోగొట్టుకొంటాడు. అందుకే గడ్డిమంట. కట్టెల నిప్పు ఒకేచోట కాలుస్తుంది. గడ్డిమంట పరచుకొని తగిలి, వెంటనే తప్పుకొంటుంది. ఎంత దూరంలో పట్టవలెనో, ఎప్పుడు త్రిప్పవలెనో చెప్పే కొలమానం వాయిద్యగాని అరచేయి తప్ప వేరు లేదు. తోలు వేడి చేతికి తగలగానే వ్రేలితో తడతాడు. చెవికి అందిన తరువాతనే చేయి ఆగుతుంది.

అట్లా కాచిన తోలు ఎందుకు ఖంగుమంటుంది, మృదంగంవలె శ్రుతిలో ఎందుకు పలుకదు అనే ప్రశ్నకు సమాధానం చెప్పినవారిలో ముఖ్యుడు చంద్రశేఖర వెంకటరామన్. 1920లో శివకాళీకుమార్ అనే సహచరునితో కలిసి 'నేచర్' పత్రికలోను, తరువాత 1934లో విపులంగా మరొక వ్యాసంలోను ఆయన భారతదేశపు తోలువాద్యాల రహస్యాన్ని వివరించినాడు. వీణ తంతి మీటితే మూలస్వరంతోపాటు దానికి రెట్టింపు, మూడింతలు, నాలుగింతలు అయిన స్వరాలు పుట్టి, ఒకదానితో ఒకటి కలిసి వినబడతవి. ఒకే మందంగా ఉన్న తోలు అట్లా కాదు. మూలస్వరానికి దాని తోడుస్వరాలు 1.59, 2.14, 2.30 రెట్లు, ఈ తీరున లెక్కకు అందక చెదరిపోతవి. చెవికి అది స్వరంగా తోచదు, చప్పుడుగా తోచుతుంది. మృదంగపు కుడిమూతి నడుమ నల్లని కరణి పట్టించి అక్కడ బరువు పెంచడంచేత ఆ తోడుస్వరాలు క్రమంలోనికి వచ్చి, తంతివలె పలుకుతవి. ఎప్పుడో ఎవరో పేరు తెలియని పనివాడు చెవితో కనిపెట్టిన ఈ ఉపాయాన్ని రామన్ లెక్కలతో నిరూపించినాడు.

డప్పుకు కరణి లేదు. పండితులలో కొందరు దానిని మోటు వాద్యమనడానికి ఇది ఒక కారణం. ఆ మాటలో వివేచన తక్కువ. శ్రుతి పెట్టిన వాద్యం గాయకునికి తోడుగా చెవి దగ్గర మ్రోగడానికి పుట్టినది. డప్పు పని వేరు. గాలి హోరు, అలల హోరు, జనం హోరు మూడింటిని దాటి ఊరి చివరి ఇంటికి వినబడవలె. చెదరిన తోడుస్వరాలే దాని గొంతుకు ఆ కరుకుదనాన్ని, ఆ దూరాన్ని ఇస్తవి. వెనుకముఖం తెరచి ఉండడం, చట్రం లోతు తక్కువ కావడంవల్ల నాదం లోపల చుట్టుకొని నిలువదు. దెబ్బ దెబ్బకు తెగి, విడివిడిగా వినబడుతుంది. ఎడమచేత పొడుగాటి సన్నని చిటికెనపుల్ల, కుడిచేత పొట్టిగా లావుగా ఉన్న చిర్ర. చిర్ర నడుమ పడితే లోతయిన దెబ్బ, అంచు దగ్గర పడితే తోడుస్వరాలు పైకి వచ్చి పదునయిన దెబ్బ. చిటికెనపుల్ల ఆ దెబ్బల నడుమ ఖాళీలను చిటపటలతో నింపుతుంది. చావు దరువు వేరు, పెళ్ళి దరువు వేరు, అమ్మవారు పూనే వేళ దరువు వేరు. ఊరివారు దరువు వినగానే సంగతి తెలుసుకొంటారు. మాట అవసరం లేదు.

డప్పుకు వరుసకు తమ్ముడయిన కంజీర కథ ఇక్కడ చెప్పుకొనవలసి ఉన్నది. అదీ చట్రపు వాద్యమే. జానెడు వెడల్పున పనసకొయ్య చక్రం, ఒక ముఖాన తోలు, అంచులో చీలిక, ఆ చీలికలో గలగలలాడే రెండు మూడు బిళ్ళలు. భజన గోష్ఠులలో తిరిగే ఈ వాద్యాన్ని పుదుక్కోట మామూండియా పిళ్ళై గత శతాబ్దికి ముందటి శతాబ్దం చివరిపాదంలో కచేరీ వేదిక ఎక్కించినాడు. దానిపై కప్పేది ఉడుముతోలు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉడుమును రక్షిత ప్రాణిగా చేసినది కాబట్టి మేకతోలు, కృత్రిమపు పొరలు వాడుకలోనికి వచ్చినవి. చిత్రమేమంటే కంజీర విద్వాంసుడు వాయించే ముందు తోలు లోపలివైపు నీళ్ళు చిలుకరిస్తాడు. బిగువు తగ్గి, లోతయిన గుముకు పలకడం ఆయనకు కావలె. డప్పు వాయిద్యగాడు అదే తోలును నిప్పుకు చూపుతాడు. సూత్రం ఒకటే. ఒకరు తేమను పిలుస్తారు, ఒకరు తరుముతారు.

అయితే కచేరీకి వెళ్ళినది కంజీర. ఊరి వెలుపల నిలిచినది డప్పు. ఈ భేదానికి నాదశాస్త్రంలో కారణం దొరకదు. డప్పు తోలును తీసినవారు, ఆరబెట్టినవారు, వాయించినవారు మాదిగలు. చచ్చిన పశువును ముట్టినందుకు వారిని ఊరు అంటరానివారన్నది. వారు ముట్టి చేసిన డప్పు లేనిదే ఆ ఊరిలో చావుగాని, జాతరగాని, చాటింపుగాని జరుగలేదు. తమిళంలో ఈ వాద్యానికి పఱై అని పేరు. దానిని వాయించేవారిని పఱైయర్ అన్నారు. ఆ మాటను ఐరోపావారు పట్టుకొనిపోయి, వెలివేయబడినవాడు అనే అర్థంలో తమ భాషలలో ఈనాటికీ వాడుతున్నారు. ప్రపంచానికి ఒక వాద్యం ఇచ్చిన మాట ఇది కావడం మన సిగ్గు.

చాటింపు సంగతి. పట్టపుపాళెములలో కాపులనే పెద్దలు కూడి చేసిన కట్టుబాటును దురాయి అంటారు. వెనుకటి రోజులలో కట్టుబాటు గాని, పన్ను గాని, గాలివాన కబురు గాని డప్పు వేసి చెప్పినప్పుడే ఊరికి తెలిసినట్లు లెక్క. రేడియో వచ్చి, ఫోను వచ్చి ఆ పని చాలవరకు తీసుకొన్నవి. కాని చట్టం ఇంకను డప్పును మరువలేదు. 1908 నాటి సివిలు ప్రొసీజరు కోడులో 21వ ఆర్డరు, 54వ రూలు ప్రకారం స్థిరాస్తి జప్తు ఉత్తర్వును ఆ ఆస్తి దగ్గర డప్పు వేయించి గాని, వాడుకలో ఉన్న మరొక రీతిని గాని చాటవలె. డప్పు వాయించేవానికి ఊరిలో సెంటు భూమి ఉండకపోయినా, ఇతరుల భూమి చేతులు మారడానికి వాని చేతి దెబ్బ చట్టపు సాక్ష్యం.

ఈ వెట్టిని వదలించుకొనడానికి చాలాకాలం పట్టినది. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసినది. 1955లో శిక్షాచట్టం వచ్చినది. 1976లో దానిని సవరించినప్పుడు, అంటరానితనం పేరిట ఒకరిని కళేబరం మోయమని గాని, పశువు తోలు తీయమని గాని నిర్బంధించడం నేరమని విడిగా చేర్చవలసి వచ్చినది. ఎన్నో ఊళ్ళలో యువకులు డప్పు ముట్టమన్నారు. తాత మెడలో చూచిన వాద్యం వారికి కూలి లేని చాకిరికి గుర్తు. దానిని అటక ఎక్కించినవారిని, పగులగొట్టినవారినికూడ తప్పుపట్టే అధికారం కళాభిమానులకు లేదు. మరికొందరు దానినే చేతబట్టినారు. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలయిన ఉద్యమం తన పేరులోనే దండోరాను పెట్టుకొన్నది. షెడ్యూల్డు కులాలలో ఉపవర్గీకరణ కావాలని ముప్పయి ఏండ్లు డప్పు వేసి అడిగిన ఆ వాదానికి 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పులో బలం దొరికినది. ఊరి పెద్దల మాటను చాటిన దరువుతో, ఆ దరువు వేసినవారే తమ మాట చాటుకొన్నారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం డప్పు కళాకారులకు ఇచ్చే పింఛను 2024 జూలై నుండి నెలకు 4,000 రూపాయలయినది. మత్స్యకారుల పింఛనుకూడ అంతే. ఇద్దరి పేర్లూ ఒకే జాబితాలోనివి.

తోలు తీసేవారు తగ్గిన తరువాత డప్పు ఏమవుతుంది? దానికి సమాధానం దుకాణాలలో వ్రేలాడుతూనే ఉన్నది. ఇనుప చట్రం, మరలతో బిగించే అంచు, దానిపై పాలియెస్టరు పొర. ఈ పొరను వాద్యాలకు వాడడం అమెరికాలో 1957 ప్రాంతంలో వ్యాపించినది. అది తేమ త్రాగదు, ఉప్పుకు చెడదు, వానలో తడిసినా గొంతు మారదు. జువ్వలదిన్నె వంటి చోట దీనికి మించిన సౌకర్యం ఏమున్నది? గడ్డి అక్కరలేదు, మంట అక్కరలేదు, మేళం నడుమ ఆగనక్కరలేదు. అన్నిటికంటె ముఖ్యంగా, చచ్చిన పశువును ముట్టనక్కరలేదు.

పొర డప్పు నాదం పదునుగానే ఉంటుంది. కొంచెం గాజుపెంకువంటి పదును. తోలులో నార అడ్డదిడ్డంగా అల్లుకొని ఉండడంచేత హెచ్చు స్వరాలను అది త్వరగా మ్రింగివేస్తుంది. అందువల్ల దెబ్బలో ఒక వెచ్చదనం ఉంటుంది. పొర ఆ స్వరాలను అట్లాగే వదలివేస్తుంది. ఈ తేడా మ్రోగించేవానికి స్పష్టం, వినేవారిలో కొందరికే తెలుస్తుంది. దీనిని చూచి సంప్రదాయం మంటగలిసినదని విలపించేవారు ఒకసారి అదే ఒడ్డున లాగిపెట్టి ఉన్న పడవలవైపు చూడవలె. కొయ్య తెప్పలు పోయి ఫైబరు బోట్లు వచ్చినవి; నూలు వలలు పోయి నైలాను వలలు వచ్చినవి; 2024లో ఊరికి చేపల రేవే వచ్చినది. బరువు తగ్గినదని, ప్రాణభయం తగ్గినదని వేటవారు సంతోషించినారే గాని, తెప్ప కొయ్యకోసం ఎవరూ కన్నీరు కార్చలేదు. కార్చమని అడిగినవారూ లేరు. వేటవాని పనిముట్టు మారితే అభివృద్ధి అని, మాదిగవాని పనిముట్టు మారితే కళానాశనమని అనడం న్యాయం కాదు.

కాని ఇందులో పోయేది ఒకటి ఉన్నది, దానిని దాచనూ కూడదు. తోలు మందాన్ని వ్రేళ్ళతో తడిమి, వెన్నుగీత నడిమికి తెచ్చి, ఎండను లెక్కవేసి, నానిన తోలును ఎంత లాగితే ఆరిన తరువాత ఎంత బిగుస్తుందో ముందే ఊహించగల చేయి. ఆ చేతికి పుస్తకం లేదు. తండ్రి ప్రక్కన కొడుకు కూర్చుంటే వచ్చిన విద్య అది. కొడుకు కూర్చోకపోవడానికి అతనికి నూరు మంచి కారణాలున్నవి. వడ్రంగి శాస్త్రం, శిల్ప శాస్త్రం, గాన శాస్త్రం వ్రాసుకొన్న దేశంలో తోలు శాస్త్రం వ్రాయడానికి ఎవరూ తాటాకు చేతబట్టలేదు. రామన్ లెక్కలు వేసినదికూడ కచేరీ వాద్యాలకే. డప్పు తోలు ఎంత వేడికి ఎంత బిగుస్తుంది, ఉప్పుగాలిలో ఎంతసేపటికి సడలుతుంది అని కొలిచి వ్రాయడం కష్టమయిన పని కాదు. ఒక తేమమానం, ఒక ఉష్ణమాపకం, ఒక కొలుపు రాత్రి చాలును. చేసేవారికి మర్యాదగా అడిగి, వారి కాలానికి తగిన కూలి ఇచ్చి నేర్చుకొనవలె. కుల వెట్టిగా అంటుకొన్న విద్యను వేరు చేసి, విద్యగా నిలుపగలిగితే, నేర్చుకొనదలచినవాడు ఏ ఇంటివాడయినా కావచ్చును.

ప్రస్తుతానికి తోలు డప్పులు, పొర డప్పులు ఒకే మేళంలో కలిసి వాయిస్తున్న చోట్లు ఉన్నవి. పొర డప్పు ఉన్నవారు ఆపకుండా వాయిస్తుంటే, తోలు డప్పువారు వంతులవారీగా తప్పుకొని మంట దగ్గరికి పోయి వస్తారు. రాత్రి గడిచేకొద్దీ సముద్రంమీదనుండి చెమ్మ దిగుతుంది. అమ్మవారి ముందు దీపాలు చుట్టూ తేమతో గుండ్రని వెలుగు కడతవి. గడ్డి అయిపోతుంది, ఎవరో ఒక పిల్లవానిని పిలిచి, ఇంటి వెనుక వాములోనుండి ఇంకొక మోపు తెమ్మని పంపుతారు. వాడు తెచ్చేవరకు తోలు డప్పు వాయిద్యగాడు తన డప్పును ఛాతీకి అదిమిపట్టి, పైగుడ్డ కప్పి, మేళాన్ని చూస్తూ నిలబడి ఉంటాడు.